భానుగుడి దగ్గర మేడ మీద క్యాబిన్: ఏడు నెలలు కూర్చున్నాక

కాకినాడలో భానుగుడి సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మందుల షాపు ఉన్న బిల్డింగ్ రెండో అంతస్తులో ఉంది ఈ చోటు. బయట బోర్డు మీద ఇంకా 'స్టడీ హాల్' అనే ఉంటుంది. గ్రూప్-2కి, బ్యాంకు పరీక్షలకు చదువుకునే పిల్లలు నెలకింతని కట్టి కూర్చునే హాలు అది. దాని వెనక భాగంలో ప్లైవుడ్‌తో నాలుగు క్యాబిన్లు కట్టించి, ఊళ్లో ఉండి పనిచేసుకునే ఉద్యోగస్తులకు అద్దెకిస్తున్నారు. ఓనరుగారు తన పేరు, నంబరు నెట్‌లో పెట్టొద్దన్నారు. అందుకే రాయడం లేదు.

నాలుగో నంబరు క్యాబిన్ 2025 జూన్ నుంచి నాది. నెలకు 6,500. హైదరాబాద్‌లో నా ఉద్యోగం నిలబడటానికి ఈ చిన్న గది చేసిన సాయం ఎక్కువ. మీలో ఎవరైనా సొంతూరి నుంచి పనిచేయడానికి మేనేజర్‌ను అడగాలనుకుంటుంటే పనికొస్తుందని గది గురించీ, ఆ అడగడం గురించీ కలిపి రాస్తున్నాను. నాకైతే ఆ రెండూ వేరు కాదు.

నేను ఒక అమెరికా క్లయింట్‌కు పేరోల్ సపోర్ట్, అంటే వాళ్ల ఉద్యోగుల జీతాల పని, చేసే టీమ్‌లో ఉన్నాను. ఆఫీసు గచ్చిబౌలిలో. షిఫ్టు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు. 2025 ఫిబ్రవరిలో నాన్నగారికి డయాలసిస్ మొదలైంది. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఆరున్నరకల్లా హాస్పిటల్‌లో ఉండాలి, మెషీన్ మీద నాలుగు గంటలు. అమ్మ లేదు. చెల్లెలు సామర్లకోటలో ఉంటుంది కానీ, ఇద్దరు చిన్నపిల్లలతో వారానికి మూడు పొద్దుళ్లు రావడం దానికి కుదరదు. మొదటి నెల నేను లీవులు పెట్టి నడిపాను. తర్వాత లీవులు అయిపోయాయి.

మార్చిలో మా మేనేజర్ మేడమ్‌కు పెద్ద మెయిల్ రాశాను. నాన్నగారి రిపోర్టులు జత చేశాను. అమ్మ పోయిన సంగతి, చెల్లెలి ఇబ్బంది, అన్నీ రాశాను. మేడమ్‌ది కరీంనగర్, మనిషి మంచిది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "నీ బాధ నాకు అర్థమైంది. లీవ్ కావాలంటే లాస్ ఆఫ్ పే మీద ఇంకో నెల ఇస్తా. కానీ పర్మనెంట్‌గా ఊరి నుంచి అంటే నేను పైకి ఏం చెప్పాలె?" అంది. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీయే వారానికి ఐదు రోజులూ రమ్మంటున్నదనీ, మా దగ్గర కూడా ఎవరు ఎన్ని రోజులు కార్డు స్వైప్ చేశారో ప్రతి సోమవారం రిపోర్టు పైకి వెళ్తుందనీ చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు పనిచేస్తే ఇదా అనిపించింది. రెండు మూడు రోజులు పోయాక ఆ మాటే మళ్లీ గుర్తొచ్చింది. "పైకి ఏం చెప్పాలె?" అది కుదరదని చెప్పడం కాదు. ఆమె నిజంగానే అడిగింది. నా మెయిల్లో నా కష్టం ఉంది తప్ప, తన పైవాళ్ల ముందు ఆమె పెట్టగలిగింది ఒక్క ముక్క లేదు.

నా ఇంజనీరింగ్ ఫ్రెండ్ ఒకడు ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌లో ఉంటాడు. వాళ్లకు 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఇలాంటి మార్పు కోసం రాతపూర్వకంగా అడిగే హక్కు ఉందట. కంపెనీ రెండు నెలల్లోపు తేల్చాలి. కాదనాలంటే చట్టంలో రాసి ఉన్న ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి. ఖర్చు పెరగడం, కస్టమర్‌కు ఇబ్బంది, మిగతా వాళ్ల మధ్య పని సర్దలేకపోవడం, పని నాణ్యత తగ్గడం, ఇలాంటివి. మన దగ్గర 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణలో, సెలవు అయిపోయాక పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద తల్లి ఇంటి నుంచి పనిచేయొచ్చని పెట్టారు. తండ్రిని డయాలసిస్‌కు తీసుకెళ్లే కొడుక్కి అందులో చోటు లేదు. చట్టం లేకపోయినా ఆ ఎనిమిది కారణాల జాబితా నాకు బాగా పనికొచ్చింది. కాగితం మీద ఒక పక్క అవి రాసుకుని, ఒక్కొక్కదాని ఎదురుగా మేడమ్ మనసులో ఏముండొచ్చో రాసుకున్నాను. సగం మాకు వర్తించవు. మిగిలినవి చివరికి మూడు భయాలుగా తేలాయి: రాత్రిపూట కరెంటో నెట్టో పోతే క్లయింట్ అరుస్తాడు, జీతాల వివరాలు బయటివాళ్ల కంటబడతాయి, నాకిస్తే టీమ్‌లో మిగతా పదకొండు మందీ అడుగుతారు.

మొదటి రెండింటికీ మా ఇంట్లో జవాబు లేదు. రెండు గదుల ఇల్లు. డయాలసిస్ అయి వచ్చాక నాన్నగారు సాయంత్రం వరకు పడుకునే ఉంటారు, చూడటానికి ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు. తలుపేసుకుని ఎవరి జీతం ఎంతో స్క్రీన్ మీద తెరిచి పెట్టుకునే వీలు లేదు. అలా వెతుక్కుంటూ వచ్చాను ఈ మేడ మీదకు.

ఓనరుగారు టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈ చోటుకున్న మొదటి గొప్ప అదే. నేను వెళ్లగానే స్పీడెంత అని అడిగాను. ఆయన నన్ను మేడ పైకి తీసుకెళ్లి రెండు కేబుళ్లు చూపించారు. ఒకటి వీధి వైపు నుంచి, ఇంకొకటి వెనక సందులోంచి వస్తున్నాయి. రెండూ వేర్వేరు కంపెనీలవి. "రెండు కనెక్షన్లూ ఒకే స్తంభం మీంచి వస్తే రెండున్నట్టు కాదండి, ఒకటున్నట్టే. లారీ గుద్దిందంటే రెండూ పోతాయి" అన్నారు. ఒకటి పోతే రౌటర్ తనంతట తానే రెండోదానికి మారిపోతుంది. మారేటప్పుడు నా వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే కనెక్షన్) ఒకసారి తెగి, అర నిమిషంలో మళ్లీ కలుస్తుంది. ఈ ఏడు నెలల్లో అలా తెగింది నేను రాసుకున్న లెక్క ప్రకారం పద్నాలుగు సార్లు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. హాలుకూ క్యాబిన్లకూ కలిపి ఇన్వర్టర్ ఉంది, దానికి నాలుగు పెద్ద బ్యాటరీలు. రౌటర్లకు విడిగా ఇంకో చిన్న యూపీఎస్ పెట్టారు. కరెంటు పోయినప్పుడు ఏసీ ఆగుతుంది, ఫ్యాన్ ఒక్క క్షణం మందగిస్తుంది, కాల్ మాత్రం తెగదు. రెండు గంటలు దాటితే కింద మందుల షాపు వాళ్ల జనరేటర్ లైను కలుపుతారు. వాళ్లకు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది కాబట్టి జనరేటర్‌లో డీజిల్ ఎప్పుడూ ఉంటుంది. ఇది నేను ఎక్కడా చూడని ఏర్పాటు. నాకు చాలా ధైర్యం ఇచ్చింది కూడా అదే.

మూడు రోజులు డబ్బు తీసుకోకుండా కూర్చోనిచ్చారు. గంటకోసారి స్పీడు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇక్కడ ఒక మాట. అందరూ డౌన్‌లోడ్ ఎంత అని చూస్తారు. వీడియో కాల్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ ఉన్నా సరిపోతుంది. చూడాల్సింది అప్‌లోడ్, పైగా రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే టైములో. ఆ రెండు గంటల అంకెలే నేను మేడమ్‌కు చూపించాను.

తర్వాత ఆయన్ని ఒక ఉత్తరం అడిగాను. క్యాబిన్‌కు విడిగా తాళం ఉందనీ, తాళంచెవి నా దగ్గరే ఉంటుందనీ, హాల్లోని సీసీ కెమెరాకు నా స్క్రీన్ కనబడదనీ, నెట్‌కూ కరెంటుకూ రెండో ఏర్పాటు ఉందనీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేయమన్నాను. ఇంకెవరైనా అయితే ఈ గొడవంతా నాకెందుకు అనేవారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని సొంత దస్తూరీతో రాశారు, స్టాంపు వేశారు, జెరాక్స్ ఒకటి తన ఫైల్లో పెట్టుకున్నారు. "ముప్పై నాలుగేళ్లు గవర్నమెంటులో చేశానండి. కాగితం లేకపోతే పనవదని నాకు తెలీదా" అన్నారు.

జూన్ రెండో వారంలో హైదరాబాద్ వెళ్లి మేడమ్‌ను అరగంట టైమ్ అడిగాను. ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడటం మంచిదని నాకనిపించింది. ఈసారి నాన్నగారి రిపోర్టులు తీసుకెళ్లలేదు. ఒకే ఒక పేజీ. నేను అడుగుతున్నది పైన రెండు వరసల్లో: నెలలో మూడు వారాలు కాకినాడ, ఒక వారం ఆఫీసు, ముందు ఎనిమిది వారాలు చూద్దాం, నచ్చకపోతే రెండు వారాల నోటీసుతో వెనక్కి వచ్చేస్తాను. కింద ఆ మూడు భయాలూ, వాటికి నా జవాబులూ. వెనక ఓనరుగారి ఉత్తరం, నా నోట్‌బుక్ అంకెలు.

మేడమ్ పేజీ చదివి మొదట అడిగింది ఏ వారం వస్తావని. నేను మొదటి వారం అని రాశాను. అప్పుడు పని తక్కువ, చెల్లెలికి కూడా వీలు. "నెలాఖరు క్లోజింగ్ వారం నువ్వు నా కళ్ల ముందు ఉండాలె" అంది. అది న్యాయమే. నాకే మొదట తట్టాల్సింది. చెల్లెలికి ఫోన్ చేస్తానని బయటికి వెళ్లి, వాళ్లాయనతో కూడా మాట్లాడి, పది నిమిషాల్లో సరేనని చెప్పాను. అక్కడ నేను తగ్గాను. ఎనిమిది వారాలు ఎక్కువ, ఆరు చేద్దామంది. అక్కడా తగ్గాను. మిగతా పదకొండు మంది సంగతి వచ్చినప్పుడు మాత్రం గట్టిగా నిలబడ్డాను. "మేడమ్, నా ఒక్కడి కోసం అని చెప్పొద్దు. తాళం ఉన్న గది, రెండు లైన్లు, కరెంటుకు బ్యాకప్, నెలాఖరు వారం ఆఫీసు. ఇవి ఎవరు చూపిస్తే వాళ్లకు ఇవ్వొచ్చని పెట్టండి. అప్పుడు జాలిపడి ఇచ్చినట్టు ఉండదు" అన్నాను. ఆమె పెన్ను తీసి ఆ నాలుగింటి కింద గీత గీసింది. అప్పటికి పని సగం అయినట్టు నాకు తెలిసింది.

చివర్లో ఒక చిక్కొచ్చింది. "మెయిల్ ఎందుకు, మాట అనుకున్నం కదా" అంది మేడమ్. నాకు మొహమాటం వేసింది. అయినా చెప్పాను. "రేపు మీరు వేరే ప్రాజెక్టుకు మారితే వచ్చే మేనేజర్‌కు నేనేం చూపించాలి మేడమ్?" కాసేపు ఆలోచించి, హెచ్ఆర్‌కు కాపీ పెట్టి నాలుగు లైన్ల మెయిల్ పంపింది. 'తాత్కాలికంగా పనిచేసే చోటు మార్పు, ఆరు వారాలు' అని. తాత్కాలికం అన్న మాటకు నేను పేచీ పెట్టలేదు. ఆగస్టులో ఆ ఆరు వారాలు అయ్యాక ఇంకో ఆరు నెలలకు పొడిగించింది.

ఇక గదిలో బాగోలేనివి. అద్దె కడుతున్నవాడిని కాబట్టి ఇవి కూడా చెప్పాలి.

ప్లైవుడ్ గోడలు శబ్దాన్ని ఆపవు. మధ్యాహ్నం హాలు నిశ్శబ్దంగా ఉంటుంది, పిల్లలు చదువుకుంటుంటారు, నేను మామూలు గొంతుతో మాట్లాడితేనే వాళ్లకు ఇబ్బంది. మొదటి వారంలో ఒకమ్మాయి వచ్చి, "అన్నయ్యా, కొంచెం మెల్లగా మాట్లాడతారా, ఆదివారం ఎగ్జామ్" అంది. నాకు బాధనిపించింది. మంచి మైకున్న హెడ్‌సెట్ కొని, గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. క్లయింట్‌తో పెద్ద కాల్స్ ఉంటే ముందే హాలు వాళ్లకు చెప్తాను. సాయంత్రం అయితే శబ్దం బయటి నుంచి వస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో ఊరేగింపు వెళ్తుంటే అయిదు నిమిషాలు మ్యూట్‌లో ఉండాల్సిందే.

హాలు ఏసీ గాలి క్యాబిన్లలోకి సరిగా రాదు. జూన్‌లో చెమటలు పట్టాయి. గోడకు ఫ్యాన్ ఒకటి పెట్టమంటే రెండు వారాలకు పెట్టారు. బాత్రూమ్ అందరికీ కలిపి ఒక్కటే. పొద్దున శుభ్రంగా ఉంటుంది, రాత్రికి ఉండదు. ఇచ్చిన కుర్చీ నడుముకు బాగోలేదు, నాది నేను తెచ్చుకున్నాను. హాలు రాత్రి తొమ్మిదిన్నరకు మూసేస్తారు, నా షిఫ్టు పదింటికి. ఇది మొదట చాలా టెన్షన్ పెట్టింది. వాచ్‌మన్‌కు నెలకు 500 ఇస్తే పదిన్నర వరకు షట్టర్ తెరిచి ఉంచేలా ఓనరుగారే మాట్లాడి పెట్టారు.

హాల్లో విడి సీటు 2,000కే వస్తుంది. కంపెనీ డేటాతో పనిచేసేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. వెనక కూర్చున్నవాళ్లకు మీ స్క్రీన్ మొత్తం కనబడుతుంది. ఆ ఒక్క విషయంతోనే మేనేజర్ మీ మాట కొట్టిపారేయొచ్చు, కొట్టిపారేసినా తప్పు లేదు.

భోజనం గురించి రెండు మాటలు. షిఫ్టు ఒంటిగంటకు కాబట్టి ఇంట్లో తినే వస్తాను. చెల్లెలు వచ్చిన రోజున మాత్రం సుబ్బయ్య హోటల్ బుట్టభోజనం తెప్పించుకుంటాం, మాకు సరిపోయి మిగులుతుంది. నాన్నగారికి పచ్చళ్లూ పులుసులూ ఇవ్వకూడదు, ఆయనకు విడిగా వండుతాను.

నెలాఖరు వారానికి ఆదివారం సాయంత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. కాకినాడ నుంచే బయల్దేరుతుంది, పొద్దున లింగంపల్లిలో దిగితే ఆఫీసు దగ్గరే. శుక్రవారం షిఫ్టు అయ్యాక ఆ రాత్రికి రైలు దొరకదు, శనివారం వెనక్కి వస్తాను. కొండాపూర్‌లో నేను కట్టే 14,000 రూము వదిలేశాను. ఫ్రెండ్స్ రూములో అయిదు రాత్రులకు 2,500 ఇస్తాను. క్యాబిన్ అద్దె, వాచ్‌మన్, రైలు టిక్కెట్లు అన్నీ కలిపినా పాత రూము అద్దెకు లోపలే ఉంటుంది. కంపెనీ వీటిలో ఏదీ ఇవ్వదు, నేనూ అడగలేదు.

అసలు పరీక్ష అక్టోబరులో వచ్చింది. మొంథా తుఫాను 28వ తేదీ రాత్రి తీరం దాటింది. అది నా ఆఫీసు వారం. నాన్నగారిని ఆ గాలివానలో వదిలి రైలెక్కలేను, ఉందామంటే కరెంటూ నెట్టూ ఉంటాయన్న నమ్మకం లేదు. కాకినాడ వాళ్లం కదా, తుఫాను వస్తే ఏం చేయాలో జూన్‌లోనే ఆ పేజీలో ఒక లైను రాసి ఉంచాను: హెచ్చరిక రాగానే రెండు రోజుల ముందు చెప్తాను, నా ఫైళ్లు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అప్పజెప్తాను, ఆ రోజులకు బదులు తర్వాతి వారం ఆఫీసుకు వస్తాను. శనివారం మేడమ్‌కు ఆ లైను గుర్తు చేస్తూ మెసేజ్ పెట్టాను. "ఉండు. నాన్నను చూసుకో" అని వచ్చింది. సోమవారం డయాలసిస్ అయ్యాక క్యాబిన్‌కు వచ్చి రాత్రి పదింటికల్లా అన్నీ అప్పజెప్పాను. మంగళ, బుధవారాలు హాలు మూసేశారు. ఓనరుగారు ముందే అందరికీ ఫోన్ చేసి, కంప్యూటర్ల ప్లగ్గులు తానే తీయించి, కిటికీలకు అట్టలు కొట్టించారు. గురువారం పొద్దున్నే రౌటర్లు పనిచేస్తున్నాయని మెసేజ్ పెట్టారు. నవంబరు మొదటి వారం మొత్తం నేను గచ్చిబౌలిలో ఉన్నాను.

వచ్చే నెల నుంచి అద్దె 7,000 చేస్తున్నారు. నాకు అభ్యంతరం లేదు. అయిదో క్యాబిన్ కడుతున్నారు, ఈసారి ప్లైవుడ్ మధ్యలో థర్మోకోల్ పెట్టిస్తున్నారట. మా టీమ్‌లో రావులపాలెం అబ్బాయి ఒకడు అదే పేజీని తన పేరుతో రాసుకుంటున్నాడు. నాలుగు షరతుల్లో మూడు కుదిరాయి, రెండో లైను ఇంకా దొరకలేదు.

రావాలనుకునేవాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత రండి, ఓనరుగారు ఉంటారు. మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్ట్ లేదు. అందుకే నాన్నగారు ఇంతవరకు నా గది చూడలేదు. హాస్పిటల్ నుంచి వస్తూ ఒక్కోరోజు కింద టీ బండి దగ్గర ఆటో ఆపిస్తారు. నీళ్లు లెక్కపెట్టి తాగాలి కాబట్టి సగం గ్లాసే తీసుకుంటారు. తాగుతూ పైకి చూసి, నీది ఏ కిటికీరా అని అడుగుతారు. ఎడమవైపు చివరిది, అట్ట ఇంకా తీయలేదు చూడండి, అని చూపిస్తాను.